పప్పు అయిపోయిందా? స్కరోలా, ఫజోలి వండుకోండి

సెప్టెంబరులో చదువుకోవడానికి ఇటలీ వచ్చే పిల్లలు చలి మొదలయ్యేసరికి దాదాపు ఇదే అడుగుతారు: "అక్కా, తెచ్చుకున్న కందిపప్పు అయిపోయింది, ఇండియన్ స్టోరు దూరం, రోజూ పాస్తా తినలేకపోతున్నాం. ఏం వండుకోమంటారు?"

నా జవాబు ఎప్పుడూ ఒకటే. స్కరోలా, ఫజోలి వండుకోండి. స్కరోలా అనే కాస్త చేదుండే ఆకుకూర, ఫజోలి అనే తెల్ల రాజ్మా గింజలు కలిపి నేపుల్స్ వైపు చేసుకునే పల్లె వంట ఇది. మాంసం అందని రోజుల్లో ఇక్కడి పేద ఇళ్ళను నిలబెట్టింది ఇలాంటి తిళ్ళే. పాలకూర పప్పు తిని పెరిగినవాళ్ళకి కొత్తగా అనిపించదు. పైగా స్కరోలా వచ్చేదే చలికాలంలో, సరిగ్గా మీకు బెంగ మొదలయ్యే సమయానికి.

ఈ గింజల్లో దీనికి వాడే రకం పేరు కన్నెల్లీని. డబ్బాలో ఉడికించినవి చవక సూపర్ మార్కెట్లలో యూరో లోపే దొరుకుతాయి, పరీక్షల రోజుల్లో అవి చాలు. తీరిక ఉంటే మాత్రం ఎండువే కొనండి, రుచిలో చాలా తేడా ఉంటుంది. ఇద్దరికి 200 గ్రాములు రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఒక వెల్లుల్లి రెబ్బ, బిర్యానీ ఆకు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి. ఉడికిన నీళ్ళు మాత్రం పారబోయకండి, కూరకి చిక్కదనం వాటితోనే వస్తుంది. కుక్కర్ లేకపోతే మొదటి పది నిమిషాలు గింజల్ని బాగా తెర్లనిచ్చి, తర్వాతే సెగ తగ్గించండి. రాజ్మా జాతి గింజలు సగం ఉడికితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇండియా నుంచి కుక్కర్ తెచ్చుకునేవాళ్ళు అద్దె ఇంట్లో ఏ స్టవ్ ఉందో ముందే అడగండి. ఇండక్షన్ మీద మామూలు అల్యూమినియం కుక్కర్ పనిచేయదు.

స్కరోలా చూడడానికి అంచులు ముడతలు పడ్డ పెద్ద లెట్యూస్‌లా ఉంటుంది, లోపలి ఆకులు లేత పసుపు. సూపర్ మార్కెట్లో అక్కడుండే ప్లాస్టిక్ గ్లవ్ వేసుకుని తీసుకోవాలి, చాలాచోట్ల తూకం వేసి స్టిక్కర్ మీరే అంటించాలి. ఒట్టి చేత్తో కూరలు పట్టుకుంటే పక్కనున్న పెద్దావిడ తప్పకుండా మందలిస్తుంది. ఇంటికొచ్చాక ఆకులు విడదీసి, గిన్నెడు నీళ్ళలో రెండు మూడుసార్లు జాడించండి. ఆకుల మొదళ్ళలో ఇసుక ఉంటుంది. చేదు పడనివాళ్ళు ఉప్పునీళ్ళలో మూడు నిమిషాలు ఉడికించి పిండేయొచ్చు. నేనైతే పచ్చిదే వేస్తాను, ఆ చేదు లేకపోతే కూర చప్పగా ఉంటుంది.

ఇక అసలు పని వెల్లుల్లిది. చల్లటి బాణలిలోనే నాలుగు చెంచాల ఆలివ్ నూనె, చిదిమిన మూడు రెబ్బలు, ఒక ఎండుమిరపకాయ వేసి సన్నని సెగ మీద పెట్టండి. మన పోపులా నూనె పొగలు రాకూడదు. వెల్లుల్లి లేత బంగారు రంగుకి రాగానే ఆకు వేసి, ఉప్పు చల్లి, మూతపెట్టండి. ఐదు నిమిషాల్లో బాణలి నిండా ఉన్న ఆకు గుప్పెడవుతుంది. అప్పుడు గింజలు, వాటి నీళ్ళు ఒక గరిటెడు పోసి, కొన్ని గింజల్ని గరిటెతో బాణలి అంచుకి నొక్కి చిదమండి. పది నిమిషాలు చిన్న సెగ మీద దగ్గర పడనిచ్చి దించాక, పైన కాస్త పచ్చి ఆలివ్ నూనె. పసుపు, గరం మసాలా వేయాలని చెయ్యి లాగుతుంది. మొదటిసారికి ఆగండి, వెల్లుల్లి, ఆకు, నూనె రుచి తెలియనివ్వండి. కాల్చిన రొట్టెతో ఇక్కడివాళ్ళు తింటారు, వేడన్నంలోకి కూడా చక్కగా కలుస్తుంది.

శాకాహారులు బయట ఇదే వంటకం తినేటప్పుడు అడిగి తినండి. ఇందులో ఆంచోవీ చేపలు, పంది కొవ్వు, మాంసం ఉడికించిన నీళ్ళు వేసేవాళ్ళున్నారు. పైన తురిమే పర్మిజానో చీజ్‌లో కూడా దూడ కడుపు నుంచి తీసిన, పాలు విరిచే రెన్నెట్ ఉంటుంది.

స్కరోలా దొరక్కపోతే బియెతోలా అనే ఆకుకూర వాడుకోండి, దానికి చేదుండదు. టస్కనీ వైపున్నవాళ్ళకి కావొలో నేరో అనే నల్లటి ఆకు దొరుకుతుంది, దాన్ని ఇంకాస్త ఎక్కువసేపు ఉడికించాలి. దక్షిణ ఇటలీలోని పూలియాలో అయితే ఎండు ఫావా (ఒక రకం చిక్కుడు) గింజల్ని మెత్తగా ముద్ద చేసి, పక్కన ఉడికించిన చికోరియా ఆకు పెడతారు, అదీ చాలా బావుంటుంది. కానీ జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్ళు ఫావా ముట్టుకోకూడదు, రక్తకణాలు విరిగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందేమో అమ్మానాన్నల్ని అడిగి, అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకున్నాకే వాటి జోలికి వెళ్ళండి.