బోర్డు మీద ఆరేసిన గుడ్డ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. చంద్రగిరి కోట దారిలో చెన్నపట్నం పుట్టుక గురించి ఉన్న బోర్డును ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టావు. 'కాలగర్భంలో కలిసిన వైభవం' అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎర్ర సిరాతో కొట్టేశాను. రాజమహల్లో ఈస్టిండియా కుంపిణీ వర్తకుడు ఫ్రాన్సిస్ డే మోకరిల్లిన ఘట్టం కూడా పోయింది. అతను చెన్నపట్నం నేల కోసం బేరం కుదుర్చుకున్నది ఆ తీరాన్ని ఏలే నాయకుడు దామెర్ల వెంకటప్పతో. చంద్రగిరి రాయలు ఆ నాయకుడికి ప్రభువు. బోర్డులో ఆ ఇద్దరినీ కలిపేశారేమో, నువ్వు కలపనక్కర్లేదు.

అయితే ఒక వాక్యం నన్ను పట్టుకుంది. చెరుకురసం బండి ఆయన తడి గుడ్డను ఆ బోర్డు మీదే ఆరేస్తాడనీ, 1639 అన్న అంకె దాని కింద పడిపోతుందనీ రాశావు. రాసి ఊరుకోక, చరిత్రంటే మన జనానికి లెక్కలేదని ఆయన్ని తిట్టిపోశావు! బాబూ, ఇంగ్లీషువాళ్లు ఆ తీరానికి వచ్చిందే గుడ్డ కోసం కదా. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో పడలేక, దుర్గరాజపట్నంలో మంచి సరుకు దొరకక, డే దక్షిణానికి దిగాడు. అక్కడ నేత బట్ట, అద్దకం బట్ట చవక. అందుకే ఆగస్టు 22న వెంకటప్ప ఇచ్చిన ఆ పట్టా. రేవు సుంకంలో సగం కుంపిణీకి. చెన్నపట్నంలో కోట కట్టడం మరుసటి ఏడు మొదలైంది. ఇంత కథ నీ కళ్లెదుట నీళ్లోడుతూ వేలాడుతుంటే నువ్వు రాయల వారి కిరీటం వెతుక్కున్నావు.

ఏ ఊరి పుట్టుక రాసినా ముందు సరుకేమిటో, ఎంత పలికిందో, ఎవరు నేశారో, ఎవరు మోశారో తేల్చుకో. రాజులు ఎక్కడికీ పోరు, వాళ్లకు బోర్డులున్నాయి.

ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవాణ్ని. రాత్రి షట్టరు దించాక చిట్టా పుస్తకం వెనక పేజీల్లోనే కథలు. శ్రీకాళహస్తి నుంచి కలంకారీ మూటలు తెచ్చే ఒక పెద్దాయన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని కరక్కాయ వాసన చూసి బాగోగులు చెప్పేవాడు. ఆయన మీద కథ రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు గారు ధరలన్నీ పీకేసి, నేను రాయని ప్రేమకథ ఒకటి అతికించి అచ్చేశారు. పారితోషికం ఇంకా రావాలి. ఇప్పటి సంపాదకులు ప్రేమ అడగరు, 'అస్తిత్వ వేదన' అడుగుతారు. మూటకు కూలి ఎంత అని అడిగినవాణ్ని మాత్రం ఇప్పటికీ చూడలేదు.

శైలి గురించి, పుస్తకం వేయడం గురించి చాలా అడిగావు. ఇప్పుడు ఓపిక లేదు. నెలాఖరు పోటీకి దీన్ని పంపకు. ముందు ఆ బండి ఆయన దగ్గర ఒక గ్లాసు రసం తాగి, చెరుకు ఏ ఊరిది, కట్ట ఎంతకు కొన్నాడు, బోర్డు పక్కన నిలబడినందుకు రోజుకు ఎవరికి ఎంత ఇచ్చుకుంటున్నాడో అడిగి రాసి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి