కారం పట్టించి అమ్ముతున్నా, ఉద్యమ్‌లో ‘రిటైల్’ కోడ్ పడింది: 45 రోజుల రక్షణ పోయినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. యార్డులో మిర్చి కొని, తొడిమలు తీయించి, వేరేవాళ్ల మిల్లులో కారం పట్టించి, మా పేరుతో ప్యాకింగ్ చేసి అమ్ముతున్నాను. రెండేళ్ల క్రితం నెట్ సెంటర్‌లో ఉద్యమ్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) రిజిస్ట్రేషన్ చేయించాను. హైదరాబాద్‌లోని ఒక సంస్థ ఏడు నెలలుగా నా బిల్లులు కట్టడం లేదు. నోటీసు ఇస్తే, ‘మీ సర్టిఫికెట్‌లో 47తో మొదలయ్యే కోడ్ ఉంది. మీరు తయారీదారు కాదు, వ్యాపారి. ఎంఎస్ఎంఈ చట్టం కింద వడ్డీ అడగలేరు’ అంటున్నారు. ఇది నిజమేనా? నా పనికి సరైన కోడ్ ఏది? ఇదే పని చేసే కంపెనీలు ఎన్ని ఉన్నాయో కోడ్‌ను బట్టి తెలుసుకోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: వాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగాన్ని అడ్డం పెట్టుకునే మీ డబ్బు ఆపారు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు, గడువు ఎంత రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం, 2006లోని సెక్షన్ 15 చెబుతుంది. దాటితే సెక్షన్ 16 ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన. కానీ 2021 జూలై 2న రిటైల్, హోల్‌సేల్ వ్యాపారులను ఉద్యమ్‌లో చేర్చుకున్నప్పుడు కేంద్రం ఒక షరతు పెట్టింది. వాళ్లకు దక్కే ప్రయోజనం ప్రాధాన్య రంగ రుణాల (బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పనిసరిగా కొంత వాటా ఇవ్వాల్సిన అప్పుల) వరకే. 45, 46, 47తో మొదలయ్యే కోడ్లన్నీ ఈ షరతు కిందికి వస్తాయి. మీ ఎదుటి పక్షం పట్టుకున్నది దీన్నే.

అయితే అసలు మీరు వ్యాపారేనా? నా అభిప్రాయంలో కాదు.

ఉద్యమ్‌లో వాడే కోడ్లు జాతీయ పారిశ్రామిక వర్గీకరణ, అంటే ఎన్ఐసీ 2008 లోనివి. కేంద్ర గణాంక శాఖ తయారుచేసిన ఈ పట్టికలో 21 విభాగాలు, వాటి కింద చివరికి 1,304 అయిదంకెల కోడ్లు ఉన్నాయి. వెతికేటప్పుడు నేరుగా చివరి అంకెల మీదికి వెళ్లకండి. పైనుంచి దిగండి. ‘సి’ విభాగం తయారీ రంగం. అందులో 10 ఆహార పదార్థాలు, 107 ఇతర ఆహార పదార్థాలు, 1079 వేరే ఎక్కడా చేరనివి, వాటిలో 10795 మసాలా దినుసులు పొడి పట్టడం, శుద్ధి చేయడం. మీ కారం ఇక్కడికి వస్తుంది. నెట్ సెంటర్లలో ‘ఏం అమ్ముతారు?’ అని అడిగి, ‘కారం’ అనగానే కిరాణా దుకాణం కోడ్ నొక్కేస్తుంటారు. అడగాల్సింది ‘ఏం చేస్తారు?’ అని.

‘మిల్లు నాది కాదు కదా, నన్ను తయారీదారు అంటారా?’ అని మీకు అనుమానం రావచ్చు. దానికీ ఆ వర్గీకరణలోనే సమాధానం ఉంది. పనంతా బయట చేయించుకున్నా, ముడిసరుకు మీ సొంతమైతే మీరు తయారీ కిందికే వస్తారు. ముడిసరుకు మీది కాకపోతే వ్యాపారం కిందికి వస్తారు. మిర్చి మీ డబ్బుతో కొన్నది. మిల్లువాళ్లు కూలికి పట్టి ఇస్తున్నారు. అదే, ఎవరో పట్టిన కారాన్ని బస్తాల్లో కొని చిన్న ప్యాకెట్లుగా మార్చి అమ్మితే అది 46 లేదా 47 కిందే ఉంటుంది. ప్యాకెట్ మీద మీ పేరు ఉన్నంత మాత్రాన తయారీ అయిపోదు. మీరు రెండూ చేస్తుంటే ఆ మాట దాచకుండా రెండు కోడ్లూ పెట్టుకోండి. ఒకే ఉద్యమ్ నంబరులో ఎన్ని కార్యకలాపాలైనా చేర్చుకోవచ్చని 2020 జూన్ 26 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. అయితే ఒక సంస్థకు రెండో రిజిస్ట్రేషన్ మాత్రం కుదరదు.

కాబట్టి ఇవాళే ఉద్యమ్ పోర్టల్‌లో లాగిన్ అయి 10795 చేర్చండి. రుసుమేమీ లేదు. ఫిర్యాదు వస్తే విచారణ జరిపేది జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్. కావాలని తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే సెక్షన్ 27 కింద జరిమానా ఉంటుంది. మీ విషయంలో ఆ టెన్షన్ అక్కర్లేదు, కాగితాలు చేతిలో ఉంటే చాలు. యార్డులో మిర్చి కొన్న బిల్లులు, మిల్లుకు సరుకు పంపిన డెలివరీ చలాన్లు, వాళ్లు కూలికి ఇచ్చిన జాబ్ వర్క్ బిల్లులు ఒక ఫైలులో పెట్టండి. కేసు నిలిచేది వీటి మీదే.

మిగతా చోట్ల ఉన్న నంబర్లు కూడా ఒకసారి చూసుకోండి, ఎదుటి లాయరు తప్పకుండా చూస్తారు. జీఎస్టీలో కారానికి హెచ్ఎస్ఎన్ 0904. అది సరుకు కోడ్ మాత్రమే, తయారు చేసినవాడికీ కొని అమ్మినవాడికీ ఒకటే ఉంటుంది, కాబట్టి మిమ్మల్ని వ్యాపారి అనడానికి అది ఆధారం కాదు. మిల్లువాళ్ల జాబ్ వర్క్ బిల్లు మీద 9988 ఉంటే మీకు మంచిది. ఇతరుల సరుకు మీద చేసే తయారీ సేవ అని దానర్థం. ఆదాయపు పన్ను రిటర్నులో వేరే కోడ్ల పట్టిక ఉంటుంది. అక్కడ 04తో మొదలయ్యేవి తయారీవి, 09తో మొదలయ్యేవి వ్యాపారానివి. రిటర్నులో 09 చూపిస్తూ, ఇలాంటి బాకీల వివాదాలు విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు తయారీదారునని వాదిస్తే ఇబ్బంది పడతారు. మీ ఆడిటర్‌తో మాట్లాడి వచ్చే రిటర్నుకైనా సరిచేయించండి.

కంపెనీల విషయానికొస్తే, ప్రతి కంపెనీకీ ఉండే 21 అక్షరాల గుర్తింపు సంఖ్య, అంటే సీఐఎన్‌లో మొదటి అక్షరం తర్వాత వచ్చే అయిదంకెలు పరిశ్రమ కోడే. ఆ తర్వాత రాష్ట్రం, ఏర్పాటైన సంవత్సరం ఉంటాయి. కానీ ఆ అయిదంకెలను మాత్రమే నమ్మి లెక్క వేయొద్దు. ఇన్ఫోసిస్ సీఐఎన్‌లో ఉన్నది 85110. ఎన్ఐసీ 2004లో 85 అంటే వైద్యం, సామాజిక సేవ. 2008 పట్టికలో అదే 85 విద్య. సాఫ్ట్‌వేర్ రెండింటిలోనూ అక్కడ లేదు. పాత కంపెనీల నంబర్లు పాత పట్టికలతోనే కొనసాగుతుంటాయి. పైగా సొంతంగా నడిపే సంస్థలు, భాగస్వామ్య సంస్థలు కంపెనీల రికార్డుల్లో కనిపించవు. మీ రంగం స్థూలంగా ఎలా ఉందో చూడాలంటే ఎన్ఐసీ కోడ్ల వారీగా వచ్చే వార్షిక పరిశ్రమల సర్వే మేలు. అందులోనూ ప్రధానంగా ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైనవే ఉంటాయి.

ఇక పాత బాకీ. ఇప్పుడు మార్చిన కోడ్ పాత బిల్లులకు వర్తించదని వాళ్లు వాదిస్తారు. రిజిస్ట్రేషన్‌కు ముందు జరిగిన సరఫరాకు ఈ చట్టం వర్తించదని సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందస్తు రిజిస్ట్రేషన్ తప్పనిసరా అన్న ప్రశ్నను 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో విస్తృత ధర్మాసనానికి పంపింది. మీకున్న బలం ఏమిటంటే, సరుకు పంపేనాటికే మీకు రిజిస్ట్రేషన్ ఉంది. తప్పు పడింది కోడ్ ఒక్కటే. చేసిన పని అప్పుడూ ఇదేనని పై కాగితాలతో చూపించి, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు వేయండి. సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కే అధికారం ఉంటుందని సెక్షన్ 18(4) చెబుతుంది కాబట్టి, దీనికోసం మీరు హైదరాబాద్ వెళ్లాల్సిన పనిలేదు.

కౌన్సిల్ ఒప్పుకోకపోయినా అసలు బాకీ ఎక్కడికీ పోదు. సివిల్ దావా వేయొచ్చు. బాకీ 3 లక్షలు, అంతకు మించి ఉంటే అది కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తుంది. అత్యవసర ఉపశమనం కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. ఆలోగా వాళ్లు బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకంతో ఇచ్చిన ఉత్తరం గానీ, సంతకం చేసిన ఖాతా స్టేట్‌మెంట్ గానీ ఉంటే భద్రంగా ఉంచండి. ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.