టెక్ సందేహాలు: నాలుగో లైను ఆటగాడికి ఏ పని అప్పగించాలి?

ప్రశ్న: మాది రాయగడ. ఒడిశాలో హాకీ చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి జట్టును నడిపించే కంప్యూటర్ ఆట ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్ కొన్నాను. అది మంచు మీద ఆడే హాకీ అని తెలిసే కొన్నాను. ముగ్గురేసి ఫార్వర్డ్‌లు (దాడి చేసే ఆటగాళ్లు) వంతులవారీగా దిగే నాలుగు లైన్లలో మొదటి రెండింటితో ఇబ్బంది లేదు. నాలుగో లైనువాళ్లు, అసలు మ్యాచ్‌లోకే రాని ఇద్దరు ముగ్గురు మాత్రం సీజన్ సగానికి వచ్చేసరికి అసంతృప్తితో ఉంటున్నారు. వారికోసం ఆడే సమయాన్ని సమానంగా పంచితే ఓడిపోతున్నాం. ఏం చేయాలి?

జవాబు: సమానంగా పంచడం వల్ల ఏమవుతుందో ముందు లెక్క వేసి చూద్దాం. ఉత్తర అమెరికాలోని మేటి మంచు హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో మ్యాచ్ 60 నిమిషాలు. మామూలు సమయంలో మంచు మీద ముగ్గురు ఫార్వర్డ్‌లు ఉంటారు కనుక పంచడానికి మీ దగ్గరున్నది 180 నిమిషాలు. దాన్ని నాలుగు లైన్లలోని 12 మందికి సమానంగా పంచితే తలా 15 వస్తాయి. అంటే పది నిమిషాలతో సరిపోవలసిన నాలుగో లైను ఆటగాడికి మీరు అదనంగా ఇచ్చిన అయిదు నిమిషాలూ, మీకు గోల్స్ చేసిపెట్టే మొదటి లైను నుంచి తీసినవే. పైగా ఓటములు వరుసగా వస్తే జట్టు మొత్తానికీ మొరేల్ (మనోబలం) పడిపోతుంది. ఎవరి కోసం పంచారో వారికీ అది మిగలదు.

ఆటగాడి మొరేల్‌ను నిమిషాల సంఖ్య ఒక్కటే నిర్ణయించదు. తన స్థాయి ఇదీ అని అతను అనుకుంటున్నదానికీ మీరు ఇస్తున్నదానికీ మధ్య ఎంత తేడా ఉందన్నదే అసలు విషయం. నిరుడు రెండో లైనులో ఆడిన 33 ఏళ్ల ఆటగాడికి పది నిమిషాలు అవమానంగా తోస్తాయి, ఇప్పుడిప్పుడే పై లీగుకు వచ్చిన 21 ఏళ్ల కుర్రవాడికి అవే పది నిమిషాలు గౌరవం. అందువల్ల అసంతృప్తి కనిపించగానే లైన్లు మార్చేయకుండా, ఆ ఆటగాడి వయసు, జీతం, గత సీజన్‌లో అతను ఆడిన స్థానం చూడండి. ఆశయం, విధేయత, వృత్తి నిబద్ధత వంటి గుణాలను ఈ ఆట 1 నుంచి 20 వరకు లెక్కగట్టి, మనకు నేరుగా చూపకుండా దాచి ఉంచుతుంది. ఆటగాళ్లను పరిశీలించి వచ్చే స్కౌట్ల నివేదికల్లో వాటి ఆనవాళ్లు దొరుకుతాయి కనుక, చివరి లైనుకు ఆటగాణ్ని తీసుకునే ముందు నైపుణ్యాల పట్టికతో పాటు ఆ నివేదికనూ పూర్తిగా చదవండి.

ఇక పాత్ర సంగతి. నాలుగో లైనుకు నిమిషాలు పెంచడం కంటే నిర్దిష్టమైన పని అప్పగించడం మేలని నా గట్టి నమ్మకం. మన ఆటగాడికి రెండు నిమిషాల శిక్ష పడినప్పుడు ప్రత్యర్థి అయిదుగురిని నలుగురితో అడ్డుకోవాలి. ఈ పెనాల్టీ కిల్ దళంలో మొదటి లైను స్కోరర్లను పెడితే వారు అలిసిపోతారు, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దెబ్బకు గాయపడే ప్రమాదమూ ఉంటుంది. స్కేటింగ్ వేగం, ధైర్యం, శ్రమించే గుణం ఉన్న ఇద్దరు నాలుగో లైను ఫార్వర్డ్‌లకు ఆ స్థానాలను శాశ్వతంగా ఇచ్చేయండి. వారికి రెండు మూడు నిమిషాలు పెరుగుతాయి, మీ మొదటి లైనుకు విశ్రాంతి దొరుకుతుంది.

మనకు తెలిసిన హాకీలోనూ ఇదే చూస్తాం. సుందర్‌గఢ్ జిల్లా ఆటగాడు అమిత్ రోహిదాస్ పేరు చెప్పగానే గోల్స్ కంటే ముందు, పెనాల్టీ కార్నర్‌లో బంతికి ఎదురుగా దూసుకెళ్లే పని గుర్తుకొస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు నిషేధం వల్ల ఆయన దూరమయ్యారు. 3-2తో గెలిచిన జర్మనీ తన తొలి గోలును పెనాల్టీ కార్నర్ మీదే సాధించింది. మంచు హాకీలోనైతే క్రిస్ డ్రేపర్‌ను చూడండి. 1993లో విన్నిపెగ్ జట్టు ఆయన్ను ఒకే ఒక్క డాలరుకు డెట్రాయిట్‌కు ఇచ్చేసింది. అక్కడ ప్రత్యర్థి మేటి ఆటగాళ్లను కట్టడి చేసే లైనులో కుదురుకుని, ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్‌ను నాలుగుసార్లు గెలిచి, 2004లో ఉత్తమ రక్షణాత్మక ఫార్వర్డ్‌కు ఇచ్చే సెల్కే ట్రోఫీని కూడా అందుకున్నారు.

మ్యాచ్‌లోకే రానివారి సమస్య వేరు. జాబితాలో 23 మంది వరకు ఉండవచ్చు, మ్యాచ్‌కు దిగేది 20 మందే. ముగ్గురు బయట కూర్చోక తప్పదు. ఆ మూడు స్థానాల్లో కుర్రవాళ్లను ఎన్నడూ ఉంచకండి. ఆడకపోతే వారి ఎదుగుదల ఆగిపోతుంది. వారిని ఎన్‌హెచ్‌ఎల్‌కు కింది లీగయిన ఏహెచ్‌ఎల్‌లోని మీ అనుబంధ జట్టుకు పంపి, అక్కడ మొదటి లైనులో ఆడనివ్వండి. కింది జట్టుకు పంపే ముందు ఆటగాణ్ని మిగతా జట్లకు అందుబాటులో ఉంచాలన్న నిబంధనే వేవర్స్. చిన్న వయసువారికి చాలావరకు దాని నుంచి మినహాయింపు ఉంటుంది. అనుభవజ్ఞుణ్ని పంపాలంటే మాత్రం 24 గంటల పాటు ఏ జట్టయినా అతణ్ని తీసుకునే అవకాశం ఉంటుంది. నిజమైన ఎన్‌హెచ్‌ఎల్ నిబంధన ప్రకారం, ఒకసారి ఎవరూ తీసుకోకుండా వేవర్స్ దాటిన ఆటగాడు ఆ తరువాత పై జట్టులో 30 రోజులు గడిపేవరకు లేదా 10 మ్యాచ్‌లు ఆడేవరకు మళ్లీ వాటికి పోనక్కరలేదు. ఈ వెసులుబాటుతో బయట కూర్చునేవారిని మార్చుతూ ఉండవచ్చు.

రెండో లైను స్థానం ఇస్తామని ఒప్పందం సమయంలో మాట ఇవ్వకండి. చివరి లైనుతో సరిపెట్టుకోలేని ఆటగాణ్ని, అతని అసంతృప్తి ముదిరి విలువ పడిపోకముందే మార్పిడి చేసేయండి. అతణ్ని ఉంచి బుజ్జగించడం కంటే అదే అతనికీ న్యాయం. కొత్త పాత్ర ఇచ్చాక కనీసం పది మ్యాచ్‌ల వరకు దాన్ని కదపవద్దు.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. నేనూ ఇదే ఆట ఆడుతున్నాను. నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో రోజు గడవడానికే చాలా సేపు పడుతోంది. ఏహెచ్‌ఎల్‌ను తీసేయవచ్చా?

జవాబు: దాన్ని మాత్రం తీయకండి, పైన చెప్పిన కుర్రవాళ్లు ఎదిగేది అక్కడే. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు లీగులు ఎంచుకునే తెర మీద ఎన్‌హెచ్‌ఎల్‌ను, ఏహెచ్‌ఎల్‌ను ఉంచి, మీరు చూడని యూరప్ లీగులను వదిలేయండి. ఆటగాళ్ల సమాచారాన్ని ఎంత పెద్దదిగా తీసుకోవాలని అడిగిన చోట చిన్నదాన్ని ఎంచుకుంటే మెమరీ భారం ఇంకా తగ్గుతుంది.