ఓడలో వాడిన స్ట్రా సముద్రంలోకి ఏ దారిన పోతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విశాఖపట్నంలో క్రూయిజ్ (సముద్ర విహార ఓడల) టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. ఓడ ఎక్కాలనుకునేవాళ్లూ, ఓడలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లూ ప్లాస్టిక్ గురించి అడిగిన ప్రశ్నలు ఈ సంచికకు తీసుకున్నాం.

ప్రశ్న: పెద్ద క్రూయిజ్ కంపెనీలన్నీ ప్లాస్టిక్ స్ట్రాలు మానేశామని చెప్పుకుంటున్నాయి. ఓడ నిండా అంత ప్లాస్టిక్ ఉండగా, గడ్డిపరకంత స్ట్రా మానేస్తే ఒరిగేదేమిటి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బరువు లెక్కన మీ అనుమానం సబబే. మామూలు ప్లాస్టిక్ స్ట్రా అర గ్రాము కూడా తూగదు. రెండు వేల మంది ప్రయాణికులు రోజుకు తలా రెండు వాడినా అన్నీ కలిపి రెండు కిలోలు దాటవు. అదే మందికి రోజుకో లీటరు నీళ్ల సీసా ఇచ్చారనుకోండి. సీసా పాతిక గ్రాముల చొప్పున యాభై కిలోల ప్లాస్టిక్ పోగుపడుతుంది. స్ట్రాలు మానేసి సీసాలు అలాగే ఉంచిన ఓడ పెద్దగా చేసిందేమీ లేదు.

అయినా స్ట్రాని ముందుగా ఆపాల్సిందే. సీసా పెద్దది, కంటికి కనిపిస్తుంది, తిన్నగా చెత్త గదికి చేరుతుంది. స్ట్రా అలా కాదు, ఎంగిలి తిండిలో కలిసిపోతుంది. తాగేసిన గ్లాసులో నిమ్మచెక్క, ఐసు, స్ట్రా మిగులుతాయి. వెయిటర్ దాన్ని ఎంగిలి పళ్లేలతో కలిపి తీసుకెళతాడు. గిన్నెలు కడిగే చోట పళ్లేలు గీకేస్తారు, గీకిందంతా నీళ్లు పారే తొట్టిలో పడి పల్పర్ అనే యంత్రంలోకి వెళుతుంది. పల్పర్ తిండిని సన్నగా తరిగి జావలా చేస్తుంది. ఒడ్డుకు తగినంత దూరంలో ఆ జావను సముద్రంలో వదలడానికి చట్టమే ఒప్పుకుంటుంది, ముక్కలు 25 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ గుండా పోయేంత చిన్నవైతే చాలు. స్ట్రా వెడల్పు ఆరు మిల్లీమీటర్లే. పల్పర్‌లో తెగితే ముక్కలుగా, తెగకపోతే నిలువుగా, ఆ కన్నంలోంచి జారిపోగలదు. ఎవరూ విసిరేయకుండానే, రోజూ జరిగే పనిలోంచే అది సముద్రంలో పడుతుంది.

స్ట్రాలు తయారయ్యే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ నీటికంటే తేలిక కనుక ఆ ముక్కలు తేలుతూ ఉంటాయి. 2015లో కోస్టారికా దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేలు ముక్కులోంచి పరిశోధకులు పట్టకారుతో స్ట్రా ముక్క లాగిన వీడియో ప్రపంచమంతా చూసింది. మన కోస్తాలో ఇసుక మీదికి వచ్చి గుడ్లు పెట్టేదీ ఆ జాతి తాబేలే.

ప్రశ్న: సముద్రంలో ప్లాస్టిక్ వేయకూడదని అంతర్జాతీయ చట్టం ఉందంటారు. దాన్ని ఎవరైనా లెక్కచేస్తారా? శిక్షలు పడిన దాఖలా ఉందా?
— ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని, వరంగల్

జవాబు: ఓడల వల్ల సముద్రం పాడవకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందంలో ఐదో అనుబంధం ఓడల చెత్త గురించే. 1988 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. అందులో ప్లాస్టిక్‌కు ఏ సడలింపూ లేదు. ఒడ్డుకు ఎంత దూరమైనా, ఏ సముద్రమైనా వేయకూడదు. తిండి వ్యర్థాలకు మాత్రం దూరాలున్నాయి. తరిగినవైతే మూడు నాటికల్ మైళ్ల అవతల, తరగనివైతే పన్నెండు మైళ్ల అవతల వదలొచ్చు. మధ్యధరా, బాల్టిక్, కరీబియన్ వంటి ప్రత్యేక ప్రాంతాల్లో తరిగినవి కూడా పన్నెండు మైళ్లు దాటాకే. తిండిలో ప్లాస్టిక్ కలిసిందంటే రెండింటిలో కఠినమైన నిబంధనే వర్తిస్తుంది, అంటే ఆ తిండి కూడా ఓడలోనే ఉండిపోవాలి. ఏ చెత్త ఎక్కడ, ఎంత వదిలారో, ఎంత కాల్చారో, ఎంత రేవులో దించారో రికార్డు పుస్తకంలో రాయాలి. ఆఖరి పద్దు వేశాక కూడా ఆ పుస్తకాన్ని రెండేళ్లు ఓడలో భద్రపరచాలి.

శిక్షల విషయానికొస్తే, ప్రిన్సెస్ క్రూయిజెస్‌కు నూనె కలిసిన మురుగును దొంగ పైపుతో వదిలిన కేసులో అమెరికా కోర్టు 2017లో నాలుగు కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మాతృసంస్థ కార్నివాల్‌ను ఐదేళ్లు కోర్టు పర్యవేక్షణలో పెట్టారు. ఆ గడువులోనే షరతులు తప్పామని 2019 జూన్‌లో కార్నివాల్ ఒప్పుకొని మరో రెండు కోట్ల డాలర్లు కట్టింది. తప్పిన వాటిలో ఒకటి, బహామాస్ జలాల్లో తిండి వ్యర్థాలతో ప్లాస్టిక్ కలిపి వదలడం. పై జవాబులో చెప్పిన దారే కోర్టు దాకా వెళ్లింది.

ప్రశ్న: వచ్చే నెల క్రూయిజ్ ఓడలో గ్యాలీ యుటిలిటీగా (వంటగది సహాయకుడిగా) చేరుతున్నాను. చెత్త వేరుచేయడంలో తప్పు జరిగితే ఉద్యోగమే పోతుందని భయపెడుతున్నారు. ఏం తెలుసుకోవాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ పని చిన్నదేమీ కాదు. ప్లాస్టిక్ సముద్రంలోకి పోకుండా ఆపే ఆఖరి మనిషి పళ్లేలు గీకే బల్ల దగ్గర నిలబడ్డవాడే.

ముందు ఏరండి, తర్వాత గీకండి. ఈ వరస తప్పితే అన్నీ తప్పినట్టే. పళ్లెం చేతికి రాగానే తిండి కానిదంతా తీసి పక్క డబ్బాలో వేశాకే మిగిలింది తొట్టిలోకి గీకాలి. స్ట్రాలు, కలిపే పుల్లలు ఎలాగూ కనిపిస్తాయి. తప్పించుకునేవి వేరే ఉన్నాయి: జామ్, వెన్న చిన్న డబ్బాల మూతరేకులు, కాఫీలో పోసే పాల బుల్లి కప్పులు, కెచప్ పొట్లాల చించిన మూలలు, ఆపిల్, అరటిపండ్ల మీది స్టిక్కర్లు, టీ బ్యాగులు. పంచదార పొట్లం కాగితంలా కనిపించినా చాలావాటికి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. అరటితొక్క మీద స్టిక్కర్ ఉంటే తొక్కతో పాటు వదలకండి, గోరుతో గీరి తీయండి.

వంట వైపు నుంచి వచ్చే చెత్తలో, తిండి మీద చుట్టే పలచని ప్లాస్టిక్ పొర అయిన క్లింగ్ ఫిల్మ్‌ను కనిపెట్టి ఉండండి. తడిసిన కూరగాయ ముక్కలకు అంటుకుంటే అది కనిపించదు. పల్పర్‌లో పడితే ఇరుసుకు చుట్టుకుని యంత్రాన్నే ఆపేస్తుంది. చేతి గ్లవ్స్ నీలిరంగులో ఉండేది చిరిగిన ముక్క తిండిలో పడితే కనబడాలనే. గ్లవ్స్ విప్పేటప్పుడు వేళ్లు పూర్తిగా ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్ని తొట్లలో చెంచాలు పట్టడానికి అయస్కాంతం పెడతారు. అది ఉందని ధీమా పడొద్దు, ప్లాస్టిక్‌కు అది పనిచేయదు.

తప్పులు ఎక్కువగా జరిగేది బఫే ముగిసే వేళ. పళ్లేలు గుట్టలుగా వస్తాయి, ఒక్కో పళ్లేన్నీ చూడబుద్ధి కాదు. అప్పుడు వేగం పెంచకండి, బల్ల దగ్గర రెండో మనిషిని అడగండి. ఒకరు ఏరుతుంటే ఒకరు గీకాలి.

ప్లాస్టిక్ తొట్టిలో పడటం చూశారా, వెంటనే ఆపే మీట నొక్కండి. యంత్రంలో చేయి పెట్టొద్దు. కరెంటు తీసి, మళ్లీ ఎవరూ వేయకుండా తాళం పెట్టాక ఇంజనీరింగ్ వాళ్లే తెరుస్తారు. పల్పర్‌లోకి పోయిందని అనుమానం వచ్చినా సూపర్‌వైజర్‌కు చెప్పండి. చెబితే ఆ ట్యాంకులోది వదలకుండా ఆపుతారు, కాలుస్తారు లేదా రేవులో దించుతారు. చెప్పకపోతే అదంతా ఆ రాత్రే సముద్రంలో పడుతుంది. ఇక్కడ దాచడమే అసలు తప్పు.

ఏరిన ప్లాస్టిక్‌ను కడగండి. తిండి అంటిన ప్లాస్టిక్ కంపుకొడుతుంది, పురుగు పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు రేవులో వస్తుంది. ఒక దేశపు మాంసం, పాల పదార్థాల ద్వారా ఇంకో దేశపు పశువులకు రోగాలు పాకుతాయని, విదేశాల నుంచి వచ్చిన ఓడల తిండి చెత్త మీద అమెరికాలోనూ యూరప్‌లోనూ గట్టి నిబంధనలున్నాయి. తిండి అంటిన ప్లాస్టిక్ కూడా ఆ కోవలోకే వస్తుంది, దాన్ని రీసైక్లింగ్‌కు తీసుకోరు. శుభ్రంగా ఉన్నదే నొక్కి, కట్టలు కట్టి దించుతారు.

కాల్చే సంగతి ఇన్సినరేటర్ వాళ్లు చూసుకుంటారు. అయినా ఒకటి తెలుసుకోండి: పీవీసీని మామూలు ఇన్సినరేటర్‌లో కాల్చకూడదు, విషవాయువులు పుడతాయి. అందుకు ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) ప్రమాణాల ప్రకారం ధ్రువీకరించిన యంత్రమే కావాలి. ప్లాస్టిక్ కాల్చిన బూడిదనూ సముద్రంలో పోయకూడదు. డబ్బాల రంగులు ఓడ ఓడకూ మారతాయి కాబట్టి ఎక్కిన రోజే గోడ మీది బోర్డు చదవండి. సరుకు అట్టపెట్టెల ప్లాస్టిక్ పట్టీలను ఉంగరంలా ఉండగా పారేయకండి, కత్తిరించి వేయండి. పొరపాటున నీళ్లలో పడినా అవి ఏ జంతువు మెడకూ చిక్కుకోవు.

ప్రశ్న: మాది జ్యూస్ షాపు. 2022లో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించాక కాగితపువి వాడుతున్నాం. సగం తాగేలోపే మెత్తబడిపోతున్నాయని గిరాకీలు విసుక్కుంటున్నారు. ఓడల బార్లలో ఏం చేస్తారు?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఓడల్లో అన్నిటికంటే బాగా పనిచేసింది స్ట్రా రకం మార్చడం కాదు, అడిగితేనే ఇవ్వడం. స్ట్రాల డబ్బాను బల్ల మీంచి తీసి లోపల పెడితే చాలా గ్లాసులకు అసలు స్ట్రా అక్కర్లేదని తేలుతుంది. మీ షాపులోనూ ముందు అదే చేయండి. కొబ్బరిబోండాం నీళ్లు గ్లాసులో పోసి ఇవ్వొచ్చు.

ఇక కాగితపు స్ట్రా. సన్నని కాగితపు పట్టీలను జిగురుతో మెలితిప్పి చుడితే అది తయారవుతుంది. మంచివాటికి మూడు పొరలైనా ఉంటాయి. చవకవాటిలో పొర పలచన, జిగురు నాసి. ముందు చివర కోసిన అంచులోంచి నీళ్లు పీల్చుకుంటుంది, తర్వాత అతుకు విడిపోతుంది. కొనేముందు నాలుగైదు స్ట్రాలను చల్లటి నీళ్లలో అరగంట ఉంచి, వేళ్లతో నొక్కి చూడండి. అతుకు విడిపోతే ఆ సరుకు వద్దు. నిలవ చేయడంలోనూ చెడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో విప్పిన ప్యాకెట్ చెమ్మ పీలుస్తుంది. గాలి చొరని డబ్బాలో, నేలకు ఎత్తులో పెట్టండి. గ్లాసులో ముందే గుచ్చి పెట్టకుండా చేతికి ఇచ్చేటప్పుడే వేయండి. చిక్కటి మిల్క్‌షేక్‌కు ఆరు మిల్లీమీటర్లది చాలదు. గట్టిగా పీల్చినప్పుడు ముడుచుకుపోతుంది, ఎనిమిది లేదా పది తీసుకోండి.

కాగితం కదా అని ఏదైనా మంచిదే అనుకోవద్దు. 2023లో బెల్జియంలో పరిశోధకులు 39 బ్రాండ్లు పరీక్షిస్తే 20 కాగితపు బ్రాండ్లలో 18 వాటిలో నీళ్లు అంటకుండా వాడే పీఫాస్ రసాయనాలు కనిపించాయి. ఇవి ప్రకృతిలో అంత తేలిగ్గా విరగవు. స్టీలు స్ట్రాలలో కనిపించలేదు. దొరికిన మోతాదులు తక్కువే. అయినా పీఫాస్ లేదని రాతపూర్వకంగా ఇచ్చే సరఫరాదారును వెతకడం మంచిది.

మొక్కజొన్నతో చేసిందని, మట్టిలో కలిసిపోతుందని అమ్మే పీఎల్ఏ స్ట్రాలతో జాగ్రత్త. అవి విరగాలంటే పెద్ద కంపోస్టు కేంద్రంలో 60 డిగ్రీల దగ్గర వేడి నిలకడగా ఉండాలి. చల్లటి సముద్రంలో ఆ వేడి ఉండదు, పైగా నీటికంటే బరువు కనుక మునిగిపోతాయి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద యూరప్ పెట్టిన నిషేధంలోనూ, ఓడల చట్టంలోనూ అవి ప్లాస్టిక్ లెక్కే.

స్టీలువి ఇంటికి బాగుంటాయి. బార్‌కు మాత్రం లోపలి గొట్టం కడగడం పెద్ద పని. బ్రష్ లేకుండా కడిగితే పాలు, పండ్ల గుజ్జు లోపలే పట్టేస్తాయి. నడుస్తూ తాగే పిల్లలకు ఇవ్వొద్దు, నోటికి దెబ్బ తగులుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. వంగే స్ట్రా లేకుండా తాగలేరు. ఆయన్ని ఓడ ప్రయాణానికి తీసుకెళ్లాలనుకుంటున్నాం. అక్కడ ఇస్తారా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నాన్నగారిని నిశ్చింతగా తీసుకెళ్లండి. ఇలాంటివారికి స్ట్రా సౌకర్యం కాదు, అవసరం. 2020 అక్టోబర్‌లో స్ట్రాలు నిషేధించిన ఇంగ్లండ్ కూడా అవసరమైనవాళ్లకు మందుల షాపుల్లో అమ్మడానికి, హోటళ్లలో అడిగితే ఇవ్వడానికి మినహాయింపు ఉంచింది. ఓడలో దొరుకుతాయనే నమ్మకం మీద మాత్రం వెళ్లకండి. టికెట్ తీసుకునేటప్పుడే ప్రత్యేక అవసరాల విభాగానికి రాయండి, మీవి మీరూ పట్టుకెళ్లండి. సిలికాన్ స్ట్రా వంగుతుంది, కొరికినా పంటికి దెబ్బ తగలదు, వేడి పాలకూ పనికొస్తుంది. రెండు మూడు స్ట్రాలు, సన్నటి బ్రష్ ఒకటి చాలు. కాగితపుది కొరికితే ముక్క గొంతులో పడే ప్రమాదముంది, స్టీలుది వేడెక్కి పెదవులు కాలుస్తుంది. ఆయనకు మింగడంలో ఇబ్బంది ఉంటే స్ట్రాతో తాగొచ్చా అన్నది ముందు డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: మేం మామూలు ప్రయాణికులం. మా వంతుగా ఏం చేయగలం?
— ఒక కుటుంబం, కాకినాడ

జవాబు: తలా ఒక నీళ్ల సీసా తీసుకెళ్లండి, దానివల్లే అన్నిటికంటే ఎక్కువ ప్లాస్టిక్ తగ్గుతుంది. పెద్ద క్రూయిజ్ ఓడల్లో సముద్రపు నీటిని ఆవిరి పట్టిగానీ ఆర్ఓ పద్ధతిలోగానీ శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి కుళాయిలకు ఇస్తారు. నింపేటప్పుడు సీసా మూతిని కుళాయికి ఆనించకండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు అలాంటి చోట్ల నుంచి కూడా పాకుతాయి. శుభ్రమైన గ్లాసులో పట్టి సీసాలో పోసుకోవడం మేలు.

తాగాక స్ట్రా, పొట్లాలు తిండి పళ్లెంలో వదలకుండా విడిగా పెట్టండి, కింద గీకేవాళ్లకు సగం పని తగ్గుతుంది. తడి వైప్స్, ఇయర్ బడ్స్ టాయిలెట్‌లో వేయొద్దు. ఓడ టాయిలెట్ గాలి పీల్పుతో పనిచేస్తుంది, లీటరు నీళ్లతోనే ఫ్లష్ అవుతుంది. వైప్ అడ్డుపడితే ఆ వరస గదులన్నిటికీ ఫ్లష్ ఆగిపోతుంది. బాల్కనీలో చిప్స్ ప్యాకెట్లు, కాగితాలు, ఖాళీ కప్పులు వదిలి లోపలికి పోకండి, ఓడ వేగం అందుకోగానే గాలికి లేచిపోతాయి.