సొంత సాఫ్ట్‌వేర్ రాయించుకోవడం పెట్టుబడిగా గిట్టుబాటవుతుందా?

మందుల హోల్‌సేల్ వ్యాపారానికి 12 లక్షల రూపాయలు పెట్టి సొంత బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ రాయించుకోవడం లాభమా, రెడీమేడ్ ప్యాకేజీ సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

గుమాస్తాల పనిగంటలు, గడువు తీరి పాడయ్యే సరుకు తగ్గి నెలకు 40 వేలు మిగులుతాయనుకుంటే, ఏడాదికి 4.8 లక్షల చొప్పున రెండున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందని చాలామంది లెక్క వేస్తారు. ఆ లెక్కలో నిర్వహణ ఖర్చు ఉండదు. 2025 సెప్టెంబరు 22న చాలా మందులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇటువంటి మార్పులు ప్యాకేజీ వాడేవారికి సాధారణంగా అప్‌డేట్‌తో వచ్చేస్తాయి గానీ, సొంత ప్రోగ్రాములో పన్ను రేటును కోడ్‌లోనే రాసేసి ఉంటే డెవలపరును మళ్లీ పిలిచి డబ్బు చెల్లించవలసి వస్తుంది. అలాంటి పనులకు ఏటా 2 లక్షలు పోతే మిగిలేది 2.8 లక్షలే కనుక, పెట్టుబడి రాబట్టుకోవడానికి నాలుగేళ్లు దాటుతుంది.

హక్కుల సంగతి అంతకంటే ముఖ్యం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, బయటి డెవలపరు రాసిన కోడ్‌పై తొలి హక్కు సాధారణంగా డబ్బిచ్చినవారిది కాదు, రాసినవారిదే. బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. అందులో కాలవ్యవధి పేర్కొనకపోతే అది 5 ఏళ్లకే పరిమితమవుతుంది. సోర్స్ కోడ్ (డెవలపరు రాసిన అసలు ప్రోగ్రాము పాఠం) చేతికి అందకుండా చివరి వాయిదా చెల్లించకండి.

బ్యాచ్ నంబరు, గడువు తేదీల వారీ స్టాకు ఈ రంగపు ప్యాకేజీలలో ఎలాగూ ఉంటుంది కాబట్టి, నా దృష్టిలో ప్యాకేజీ కొనుక్కుని, వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లను అందులోకి ఎక్కించడం వంటి మీ ప్రత్యేక అవసరాన్ని మాత్రమే రాయించుకోవడం మేలు.