పోల్చే రెండూ ఎదురుగా, మిగతావన్నీ వెనక్కి

అల్లుడూ,

ఒక విండో నుంచి ఇంకోదానికి మారడానికి ఆల్ట్ ట్యాబ్ కొట్టీ కొట్టీ వేళ్ళు నొప్పెడుతున్నాయి, ల్యాప్‌టాప్ చాలట్లేదు, ఇంకో మానిటర్ కావాలని మా సారుని అడగనా అత్తా అని మెసేజ్ పెట్టావు. అడుగుదువుగానీ ఆగు. నువ్వు పంపిన స్క్రీన్ ఫొటో చూశాను. రెండు ఎక్సెల్ ఫైళ్ళు, జీఎస్టీ పోర్టల్, టాలీ, బిల్లుల పీడీఎఫ్‌లు, వాట్సాప్ వెబ్, ఒక మూల క్రికెట్ స్కోరు, అన్నీ ఒకదాని మీద ఒకటి. దీనికి ఇంకో మానిటర్ తగిలిస్తే ఇదే గందరగోళం రెండు స్క్రీన్ల మీద పరుచుకుంటుంది, అంతకుమించి ఏమీ జరగదు.

నా లెక్కలో స్క్రీన్ మీద ఏ సమయంలోనైనా రెండే ఉండాలి. ఏది చూస్తున్నావో అది, దేంట్లో రాస్తున్నావో అది. మూడోది ఎంత ముఖ్యమైనదైనా వెనకాలే ఉండాలి, పిలిచినప్పుడు రావాలి. జీఎస్టీ రిటర్న్‌లు వేసే మన పనికి ఇది మరీ అవసరం. నెలనెలా 14న 2బీ (సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితా) వస్తుంది, 20 లోపు 3బీ (మనం వేసే నెలవారీ రిటర్న్) వెయ్యాలి, ఈ మధ్యలోనే సప్లయర్లు చూపించిన బిల్లులకీ మన పర్చేజ్ రిజిస్టర్‌కీ పొంతన కుదర్చాలి. అంటే నువ్వు రోజంతా చేసేది రెండిటిని పోల్చడమే కదా. పోల్చాల్సినవి రెండూ ఒకేసారి కంటికి కనపడకుండా ఒకదాన్ని మూసి ఇంకోటి తెరుస్తూ ఉంటే, బిల్లు నంబరు ఆ ఒక్క క్షణం మనసులో మోసుకెళ్ళాలి. తప్పులు దొర్లేది అక్కడే, 4589 కాస్తా 4598 అయిపోతుంది.

సరే, ఎలా పెట్టాలో చెబుతా. ఎక్సెల్ తెరిచి ఉండగా విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం కొట్టు. ఆ ఫైలు ఎడమ సగంలోకి వెళ్ళి కూర్చుంటుంది, కుడి సగంలో మిగతా తెరిచినవన్నీ చిన్న బొమ్మల్లా కనిపిస్తాయి, కావలసినదాని మీద నొక్కితే అది ఆ సగం నింపేస్తుంది. మధ్యలో ఉన్న గీత పట్టుకుని లాగితే ఒకటి పెరుగుతుంది, రెండోది దానికి తగ్గట్టు తగ్గుతుంది. ఈ సగానికి సగం సదుపాయం 2009లో విండోస్ 7తోనే వచ్చింది, అయినా ఇప్పటికీ విండో అంచు పట్టుకుని మౌస్‌తో సాగదీసేవాళ్ళని చూస్తూనే ఉంటాను. (తమాషా ఏంటంటే 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లో ప్రోగ్రాముల్ని ఒకదాని మీద ఒకటి పెట్టడానికే వీల్లేదు, పక్కపక్కనే పేర్చాలి. ఒకదాని మీద ఒకటి పెట్టుకునే సౌకర్యం 1987లో రెండో వెర్షన్‌తో వచ్చింది. ఆ సౌకర్యమే ఇప్పుడు నీ ప్రాణం తీస్తోంది.)

మీ ఆఫీసు సిస్టమ్‌లో విండోస్ 11 ఉంటే విండోస్ కీతో జెడ్ కొట్టి చూడు, అమరికల నమూనాలు వస్తాయి. నాలుగు గడుల నమూనా చూసి మురిసిపోకు. పదిహేను అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌ని పావు భాగంలో పెడితే పైన మెనూలే సగం తినేస్తాయి, కిందికి నాలుగు వరసలు కూడా సరిగా కనపడవు. విండోస్ 11లో నాకు నిజంగా పనికొచ్చింది వేరే: నువ్వు కుదిర్చిన జంటని అది గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో ఎవరో వచ్చి ఇంకో ఫైలు తెరిపించినా, ఆల్ట్ ట్యాబ్‌లో ఆ జంట ఒకే బొమ్మగా కనిపిస్తుంది, ఎంచుకుంటే రెండూ కలిసే వెనక్కి వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, చాలామంది పట్టించుకోనిది. 2బీ ఎక్సెల్‌నీ రిజిస్టర్‌నీ ఎడమా కుడీ పెట్టకు, పైనా కిందా పెట్టు. రెండూ అడ్డంగా బారుగా ఉండే షీట్లు: జీఎస్టీ నంబరు, పార్టీ పేరు, బిల్లు నంబరు, తేదీ, విలువ, మూడు రకాల పన్నులు. నిలువుగా చీలిస్తే సగం కాలమ్‌లు బయటికి పోతాయి, నువ్వు పక్కకి జరుపుతూ కూర్చోవాలి. పైనా కిందా పెడితే వరస మొత్తం కనిపిస్తుంది, కాలమ్‌ల క్రమం రెండిట్లో ఒకేలా సర్దుకున్నావంటే పై అంకె కిందే కింది అంకె ఉంటుంది, తేడా దానంతటదే కళ్ళకి తగులుతుంది. ఎక్సెల్‌లో వ్యూ మెనూకి వెళ్ళి అరేంజ్ ఆల్‌లో హారిజాంటల్ ఎంచుకుంటే చాలు. శీర్షికల వరసకి ఫ్రీజ్ పేన్స్ పెట్టడం మర్చిపోకు, కిందికి జరిపినా ఆ వరస పైనే నిలిచి ఉంటుంది. ఒకే ఫైల్లో రెండు షీట్లు కావాలంటే, అంటే బిల్లులు ఒక షీట్లో క్రెడిట్ నోట్లు ఇంకో షీట్లో ఉన్నప్పుడు, అదే వ్యూ మెనూలో న్యూ విండో కొట్టు, ఆ ఫైలే రెండు విండోల్లో తెరుచుకుంటుంది. సీనియర్లు కొందరు ఎక్సెల్‌లో రెండు ఫైళ్ళు విడివిడిగా జరగవని చెబుతారు, అది 2010 వరకూ ఉన్న ఎక్సెల్ సంగతి, 2013 నుంచి ఏ ఫైలు విండో దానిదే.

రెండూ కలిసి జరిగే సింక్రనస్ స్క్రోలింగ్ ఉంది కదా అంటావేమో. వరసలు రెండిట్లో ఒకే క్రమంలో ఉన్నంతవరకే దాని గొప్ప. సప్లయర్ ఒక్క బిల్లు ఎగ్గొట్టాడంటే అక్కణ్ణుంచి అంతా ఒక వరస తేడాలో నడుస్తుంది, నీకు పిచ్చెక్కుతుంది. ఆపేసుకో. ఇంకో మాట, వందల బిల్లుల్ని కళ్ళతో పోల్చడానికి విండోలు సర్దుకోమని నేను చెప్పట్లేదు. మొత్తం మీద లుకప్ ఫార్ములా (ఒక షీట్లోని బిల్లు నంబరుని ఇంకో షీట్లో వెతికిపెట్టేది) వెయ్యి, కలిసినవి కలుస్తాయి. ఒకచోట ఐఎన్‌వీ/045 అనీ ఇంకోచోట ఉత్త 45 అనీ ఉన్నవి, రూపాయి రౌండింగ్ తేడా ఉన్నవి, సప్లయర్ ఆలస్యంగా రిటర్న్ వేసినందుకు పక్క నెలలోకి జారిపోయినవి, ఇలాంటివి మిగులుతాయి. కళ్ళు పెట్టాల్సింది వాటి మీద, పైనా కిందా అమరిక కూడా వాటి కోసమే.

పోర్టల్ చూస్తూ ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు మాత్రం ఎడమా కుడీ బావుంటుంది. నీది 1366 పిక్సెళ్ళ పాత స్క్రీన్ అయితే సగానికి 683 వస్తుంది, ఆ ఇరుకులో వెబ్ పేజీలు ఫోన్‌లో కనిపించినట్టు ముడుచుకుపోతాయి. బ్రౌజర్‌లో కంట్రోల్ పట్టుకుని మైనస్ కొట్టి 80 శాతానికి తగ్గించు, మధ్య గీతని జరిపి పోర్టల్‌కి కాస్త ఎక్కువ చోటివ్వు, సరిపోతుంది. నంబర్లు ఒక్కొక్కటే కాపీ చేసి అటూ ఇటూ తిరగకుండా విండోస్ కీతో వీ అలవాటు చేసుకో, మొదటిసారి ఆన్ చెయ్యమని అడుగుతుంది, ఆ తర్వాత నుంచి కాపీ చేసినవి జాబితాగా చూపిస్తుంది. క్లయింట్ పాస్‌వర్డ్ కాపీ చేస్తే అదీ ఆ జాబితాలోనే ఉంటుంది, పని అయ్యాక తుడిచెయ్.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే. నీ ఫొటోలో ఇద్దరు క్లయింట్ల ఫైళ్ళు ఒకే స్క్రీన్ మీద ఉన్నాయి, రెండిటి పేరూ ‘పర్చేజ్ మే’ అనే! ఒకరి అంకెలు ఇంకొకరి రిటర్న్‌లోకి వెళ్ళడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. విండోస్ కీ, కంట్రోల్ పట్టుకుని డీ కొట్టు, ఖాళీ డెస్క్‌టాప్ ఇంకోటి వస్తుంది. క్లయింట్‌కి ఒక డెస్క్‌టాప్ కేటాయించు. విండోస్ కీతో ట్యాబ్ కొడితే అన్నీ కనిపిస్తాయి, అక్కడ రైట్ క్లిక్ చేసి పార్టీ పేరు పెట్టు, విండోస్ 11 అయితే ఒక్కోదానికి ఒక్కో రంగు వాల్‌పేపర్ కూడా పెట్టుకోవచ్చు. విండోస్ కీ, కంట్రోల్ పట్టుకుని బాణాలు కొడితే ఇటూ అటూ మారతావు. వాట్సాప్‌నీ స్కోరునీ కూడా ఒక డెస్క్‌టాప్‌లో పడేసి గంటకోసారి వెళ్ళి చూసుకో, ఎవరొద్దన్నారు. పోర్టల్ విషయంలో డెస్క్‌టాప్ మారిస్తే చాలదు, ఒకే క్రోమ్ ప్రొఫైల్‌లో ఇద్దరి లాగిన్‌లు పెట్టకు, ఒకరి కోసం లాగిన్ అయితే ఇంకొకరిది చెదిరిపోతుంది. వేరే ప్రొఫైల్ పెట్టుకో.

ఇవన్నీ ఒక నెల చేశాక కూడా చోటు చాలకపోతే అప్పుడు మానిటర్ అడుగు, నేనే మీ సారుతో చెబుతా. వచ్చాక విండోస్ కీతో పీ కొట్టి ఎక్స్‌టెండ్ ఎంచుకో, డూప్లికేట్‌లో ఉంచితే ఒకే బొమ్మ రెండుసార్లు చూస్తూ కూర్చుంటావు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ రెండు పెట్టెల్ని నీ బల్ల మీద స్క్రీన్‌లు ఎటు ఉన్నాయో అటే జరపాలి, లేకపోతే మౌస్ అంచు దగ్గర ఆగిపోతుంది. రాసే స్క్రీన్ నీ ముఖానికి ఎదురుగా ఉండాలి, చూసేది పక్కకి. రెండిటి మధ్య సందు ముఖానికి ఎదురుగా వచ్చేలా పెట్టుకుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. విండోని ఇటు నుంచి అటు పంపడానికి విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని బాణం. మానిటర్ పీకేశాక ఏదైనా విండో కనపడకుండా పోతే కంగారుపడకు, ఆల్ట్ ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని, ఆల్ట్ పట్టుకుని స్పేస్ కొట్టి, ఎమ్ నొక్కి, ఒక బాణం కొట్టి మౌస్ కదిపితే వెంటపడి వచ్చేస్తుంది.

ఈ నెల 2బీ దింపుకోగానే ఒక చిన్న క్లయింట్‌తో మొదలుపెట్టు, నలభై యాభై బిల్లులుండే పార్టీ అయితే మంచిది. ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చెయ్. 20వ తేదీ రాత్రి మాత్రం చెయ్యకు, ఆ రోజు నా క్లయింట్ల ఫోన్లే నేను ఎత్తను.

మీ అత్త