చుక్క నీళ్ళు చాలు, చాక్లెట్ అలుగుతుంది

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలికి "చాక్లెట్ కరిగించి, వేయించిన బాదం, గుమ్మడి గింజలు కలిపి ఆరబెట్టుకోండి" అని ఒక్క వాక్యంలో జవాబు చెప్పి చేతులు దులుపుకున్నాను. ఆ వాక్యం మీలో చాలామంది చేత గిన్నెలు తోమించిందని ఉత్తరాలు చూశాక తెలిసింది. తప్పు నాదే. ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ప్రశ్న: పిన్నిగారూ, మీరు చెప్పినట్టే చేశాను. కింద గిన్నెలో నీళ్ళు మరిగించి, పైన ఇంకో గిన్నెలో చాక్లెట్ కరిగించాను. నిగనిగలాడుతూ బాగానే కరిగింది. మధ్యలో గరిటె కడిగి మళ్ళీ తిప్పానో లేదో, మొత్తం తడి ఇసుకలా ముద్ద కట్టేసింది. పాలు పోస్తే సర్దుకుంటుందని పక్కింటావిడ చెబితే రెండు చెంచాలు పోశాను. ఇంకా బిగుసుకుపోయింది. నా చాక్లెట్ మంచిది కాదంటారా?

జవాబు: చాక్లెట్ మంచిదేనమ్మా. "గరిటె కడిగి" అని రాశారు చూడండి, జరిగిందంతా అక్కడే జరిగింది. చాక్లెట్ అంటే కొవ్వులో కలిసి ఉన్న మెత్తటి చక్కెర పొడి, కోకో పొడి. అందులో నీళ్ళనేవి ఇంచుమించు ఉండవు. ఒక్క చుక్క పడిందంటే చక్కెర రేణువులు తడిసి జిగురెక్కి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ పట్టు మనం ఎంత తిప్పినా వదలదు.

పక్కింటావిడను తిట్టుకోకండి. సలహా సరైనదే, కొలతే చాలలేదు. కొంచెం తడి చాక్లెట్‌ను బిగిస్తుంది, ఎక్కువ తడి వదులు చేస్తుంది. 200 గ్రాముల చాక్లెట్ ముద్ద కడితే వేడి పాలో క్రీమో ఒక్కో పెద్ద చెంచా చొప్పున పోస్తూ తిప్పండి. నాలుగైదు చెంచాలు పడేసరికి మళ్ళీ నునుపుగా వస్తుంది. అయితే అది ఇక ఫట్‌మని విరిగే చాక్లెట్ కాదు, మెత్తటి సాస్. చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక ఉండలు చేసి వేయించిన బాదం పలుకుల్లో దొర్లించండి. పాలు తగిలాయి కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

మొదటిసారి నేను చేసింది ఇంతకన్నా ఘనకార్యం. త్వరగా కరుగుతుంది కదా అని గిన్నె మీద మూత పెట్టాను. మూత నిండా ఆవిరి పట్టి, తీయగానే నీళ్ళు జారి చాక్లెట్‌లో పడ్డాయి. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి. నీళ్ళు మరిగాక స్టవ్ ఆపేస్తాను, అప్పుడే పై గిన్నె పెడతాను. గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు. గరిటె, గిన్నె, చేతులు అన్నీ పొడి గుడ్డతో తుడుస్తాను. మైక్రోవేవ్ ఉంటే ఇంకా నయం: సగం పవర్‌లో 30 సెకన్లు పెట్టడం, తీసి తిప్పడం, మళ్ళీ పెట్టడం. చాక్లెట్ ముక్కలు లోపల కరిగిపోయినా పైకి ఆకారం చెడకుండా అలాగే నిలబడి ఉంటాయి. ఇంకా కరగలేదనుకుని పెడుతూ పోతే మాడుతుంది.

ప్రశ్న: అక్కా, పంచదార మానేద్దామని కోకో పొడి, కొబ్బరినూనె, తేనె కలిపి, జీడిపప్పు, వాల్‌నట్స్ వేసి చేశాను. పైన నూనె తేలింది, అడుగున జిగురు చేరింది. ఫ్రిజ్‌లోంచి తీసిన కాసేపటికే చేతులకు కారిపోతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మళ్ళీ నీళ్ళే తల్లీ! తేనెలో ఇంచుమించు ఆరో వంతు నీరుంటుంది. అది నూనెతో కలవనంటుంది. ఇక కారడానికి కారణం కొబ్బరినూనె. అది 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చాక్లెట్‌లో సహజంగా ఉండే కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల దాకా నిలబడుతుంది. మన ఒంటి వేడి 37. అందుకే అసలు చాక్లెట్ డబ్బాలో గట్టిగా ఉండి నోట్లో పడగానే కరుగుతుంది.

పోనీ కోకో బటర్, పంచదార పొడి తెచ్చి చేస్తానంటారా? చేయొచ్చు. కానీ చక్కెర కొవ్వులో కరగదు. మిక్సీ ఎంత తిప్పినా ఆ పలుకు నాలుకకు తెలుస్తూనే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో రోడాల్ఫ్ లింట్ అనే ఆయన 1879లో చాక్లెట్‌ను గంటల తరబడి రుద్దుతూ తిప్పే యంత్రం పెట్టేదాకా బయట దొరికే చాక్లెట్ కూడా గరగరలాడేదే. ఆ పని మన మిక్సీ వల్ల కాదు. అందుకని నేనైతే మంచి చాక్లెట్ కొని కరిగించుకుంటాను. దీన్ని ఇంట్లో చేయడం అనరని ఎవరైనా అంటే అననివ్వండి.

పంచదార పొడి వద్దనే మీ పట్టుదలకు ఇంకో దారి ఉంది. గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు 200 గ్రాములు, కోకో పొడి రెండు పెద్ద చెంచాలు, వేయించిన నట్స్, గింజలు కలిపి 100 గ్రాములు. మిక్సీలో తిప్పి ఉండలు చుట్టండి. ఇందులో కరిగించిన చాక్లెట్ లేదు కాబట్టి తడితో పేచీ లేదు. తీపి మాత్రం ఇందులోనూ తీపే. ఖర్జూరమైనా, తేనైనా లోపలున్నది చక్కెరే.

ప్రశ్న: మేడమ్, నేను ఒక్కడినే ఉంటూ వండుకునే కుర్రాణ్ణి. బాదం, పొద్దుతిరుగుడు గింజలు వేసి డార్క్ చాక్లెట్ బార్లు చేశాను. వారానికల్లా పైన తెల్లటి మచ్చలు. బూజు అనుకుని అన్నీ పారేశాను. మళ్ళీ చేయాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యో నాయనా, తినేయాల్సింది! అది చాలావరకు బూజు కాదు, చాక్లెట్‌కు పట్టే తెల్లపూత. వేలితో కాసేపు ఒత్తి చూడు. జిడ్డుగా కరిగిపోతే కొవ్వు పైకి తేలిందని అర్థం. గరుకుగా ఉండి, వేలు తడి చేసి రాస్తే కరిగితే, తేమకు చక్కెర పైకి వచ్చిందని అర్థం. రెండూ హాని చేయవు, చూపుకే బాగుండవు. నూగు నూగుగా ఉన్నా, ముక్కవాసన వేసినా అప్పుడు పారేయి.

కొవ్వు ఎందుకు తేలుతుందంటే, కోకో బటర్ ఆరు రకాలుగా గడ్డకడుతుంది. అందులో ఒక్క రకానికే మెరుపు, విరిచినప్పుడు ఆ ఫట్‌మనే చప్పుడు ఉంటాయి. ఆ ఒక్క రకం వచ్చేలా చల్లార్చడాన్ని టెంపరింగ్ అంటారు. పేరు చూసి భయపడకు. 300 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో 200 గ్రాములు 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించు. గిన్నె దించి అడుగు తుడువు, ఎందుకో ఇప్పటికి నీకే తెలిసి ఉంటుంది. మిగిలిన 100 గ్రాములు సన్నగా తరిగి కొద్దికొద్దిగా వేస్తూ, 31, 32 డిగ్రీలకు దిగేదాకా తిప్పుతూనే ఉండు. మిల్క్ చాక్లెట్ అయితే 45 డిగ్రీలు దాటనివ్వకుండా కరిగించి, 29, 30కి దింపు. కొత్తగా వేసిన ముక్కలు చక్కటి గడ్డకు విత్తనాల్లా పనిచేస్తాయి. దీన్ని సీడింగ్ అంటారు. ఒక పాఠకురాలు ఆ మాట ఎక్కడో చదివి ఆ సమయంలో గుమ్మడి గింజలు పోసిందట! ఈ విత్తనం చాక్లెట్టే తల్లీ, గింజలు తర్వాత.

థర్మామీటర్ లేకపోతే చెంచా కొసతో కాస్త తీసి కింది పెదవికి తాకించుకో. వేడిగా కాక రవ్వంత చల్లగా అనిపించాలి. కత్తి మొన మీద పూసి ఐదు నిమిషాలు పక్కన పెట్టు. మెరుస్తూ ఆరిపోతే అదే అదను, గింజలు కలిపేయ్.

ఇంత ఓపిక లేకపోతే కాంపౌండ్ చాక్లెట్ తెచ్చుకో. దాంట్లో కోకో బటర్ బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది కాబట్టి టెంపరింగ్ అక్కర్లేదు. రుచి మాత్రం నాకు మైనం నమిలినట్టుంటుంది. నా నోరు అంతే.

ప్రశ్న: ఏ గింజలు ఎంత వేయాలి? అన్నీ వేయించాలా?

జవాబు: 200 గ్రాముల చాక్లెట్‌కు అన్నీ కలిపి 100 నుంచి 120 గ్రాములు. అంతకు మించితే చాక్లెట్ అతుకుపెట్టడానికి సరిపోక విరిగి రాలిపోతుంది. బాదం ఓవెన్‌లో 160 డిగ్రీల మీద పది నిమిషాలు వేయించండి. ఒకటి విరిచి చూస్తే లోపల లేత బిస్కెట్ రంగు ఉండాలి. గుమ్మడి గింజలు బాణలిలో ఉబ్బి చిటపటమన్నప్పుడు, నువ్వులు కమ్మటి వాసన రాగానే దించేయండి. వేయించడం రుచి కోసమే కాదు, లోపలి తేమ పోవడానికి కూడా. పూర్తిగా చల్లారాకే కలపండి, వేడిగింజలు పడితే పెదవి దాకా వెళ్ళి చేసిన టెంపరింగ్ అంతా చెడుతుంది.

అవిసె గింజలు మాత్రం వేయించి పొడి కొట్టే వేయండి. నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి. ఆ పొడి త్వరగా ముక్కవాసన వస్తుంది, ఏ రోజుకారోజు కొట్టుకోవాలి. వాల్‌నట్స్ కూడా అంతే, వేసేముందు ఒకటి నమిలి చూడండి. చియా గింజలకు వేయించే పని లేదు. ఒక చెంచాడు ఉప్పు రవ్వలు పైన చల్లమంటారు కొందరు. చెంచాడు వద్దు, చిటికెడు చాలు, అప్పుడు చూడండి రుచి.

ప్రశ్న: మా అత్తగారికి షుగర్ ఉంది. 70 శాతం డార్క్ చాక్లెట్, పైగా ఇన్ని బలమైన గింజలు వేశాం కదా, రోజూ ఇవ్వొచ్చా?

జవాబు: 70 శాతం కోకో అంటే మిగిలిన 30లో దాదాపు అంతా చక్కెరే. 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో సుమారు 600 కేలరీలు ఉంటాయి, బాదంలోనూ ఇంచుమించు అంతే. గుమ్మడి గింజల్లో మెగ్నీషియం, మాంసకృత్తులు మెండుగా ఉన్నమాట నిజమే. వాటి కోసమైతే గింజలే విడిగా ఇవ్వండి. ఎప్పుడైనా పది గ్రాముల ముక్క ఆవిడ నోట్లో వేసుకోవచ్చా లేదా అన్నది ఆవిడ డాక్టర్ చెప్పాలి, నేను కాదు.

ప్రశ్న: మూడేళ్ళ పాపకు పెట్టొచ్చా? ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళుంటాయి?

జవాబు: పాపకు నట్స్ పలుకులుగా వద్దేవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. మెత్తగా పొడి కొట్టి కలపండి. బాదం, జీడిపప్పు, నువ్వులు ఇదివరకు తిని ఉండకపోతే ఒక్కోటి విడివిడిగా కొంచెం పెట్టి చూశాకే ఇలాంటి కలగలుపులు ఇవ్వండి. నువ్వులు కూడా కొందరికి పడవు. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే దానికి అందనివ్వకండి, చాక్లెట్ కుక్కలకు విషం.

గది చల్లగా ఉంటే ఫ్రిజ్ అక్కర్లేదు, గాలి దూరని డబ్బాలో రెండు మూడు వారాలు బాగుంటాయి. ఎండాకాలం ఫ్రిజ్ తప్పకపోతే, బయటికి తీసిన డబ్బా మూత వెంటనే తెరవకండి. డబ్బా చల్లదనం పూర్తిగా పోయేదాకా ఆగండి. లేదంటే గాలిలో తేమ ముక్కల మీద చెమటలా పట్టి, వచ్చే నెల తెల్లమచ్చల ఉత్తరం మీ దగ్గర్నుంచి వస్తుంది.